బదిలీ కాని మొక్క

బదిలీ ఆర్డరు వచ్చిన ఇంట్లో మొదట తేలవలసిన లెక్క ఒకటే: ఏది లారీ ఎక్కాలి, ఏది ఎక్కకూడదు. మంచాలు, బీరువా, ఫ్రిజ్, పుస్తకాల అట్టపెట్టెలు ఎక్కుతాయి. కుండీల్లో పెంచుకున్న మొక్కలు పక్క క్వార్టరు వాళ్ళకి వెళ్తాయి. వీటితో పాటు ఆ ఊరి గుర్తుగా ఏదో ఒకటి కొని సర్దుకోవడం మన కుటుంబాల్లో ఆనవాయితీ. జోధ్‌పూర్ నుంచి వస్తే తోలు చెప్పులు, జోర్హాట్ నుంచి వస్తే టీ పొడి, శ్రీనగర్ నుంచి వస్తే రంగులు వేసిన చిన్న పెట్టె. షోకేసు ముందు నిలబడి చూస్తే చాలు, నాన్నగారి సర్వీసు రిజిస్టరు మొత్తం చదివినట్టే ఉంటుంది.

ఈ అలవాటులో తప్పేమీ లేదు. కాని వెంట తీసుకెళ్ళలేనివి, తీసుకెళ్ళకూడనివి కూడా ప్రతి ఊళ్ళోనూ కొన్ని ఉంటాయి. ఆ ఊళ్ళో మూడేళ్ళు ఉన్నామని చెప్పుకోవడానికి షోకేసులో ఉన్నవాటి కన్నా అవే గట్టి సాక్ష్యమని నా అభిప్రాయం. అందుకు ఒక మొక్కని ఉదాహరణగా తీసుకుంటాను. మేఘాలయ కొండల్లో పెరిగే కూజా మొక్క అది. శాస్త్రీయ నామం నెపెంథిస్ ఖాసియానా.

నెపెంథిస్ జాతులు ప్రపంచంలో నూటయాభైకి పైగా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం బోర్నియో, సుమత్రా, ఫిలిప్పీన్స్ వంటి ఆగ్నేయాసియా దీవుల్లోనే పెరుగుతాయి. అటు మడగాస్కర్‌లోనూ కొన్ని ఉన్నాయి. మన పొరుగున శ్రీలంకలో ఒక జాతి ఉంది, సింహళంలో దాన్ని బాందురా అంటారు. మన దేశంలో సహజంగా పెరిగేది మాత్రం ఒకే ఒక్క జాతి. అది ఉన్నది మేఘాలయలోని గారో, ఖాసీ, జైంతియా కొండల్లో. దక్షిణ గారో కొండల్లో సిమ్సాంగ్ నది ఒడ్డున, బంగ్లాదేశ్ సరిహద్దుకి దగ్గరగా బాఘ్‌మారా అనే ఊరు ఉంది. ఆ ఊరి దగ్గర ఈ ఒక్క మొక్క కోసమే రెండు మూడు హెక్టార్ల చిన్న అభయారణ్యం ఏర్పాటు చేశారు. పులులకీ ఏనుగులకీ అభయారణ్యాలున్న దేశంలో ఒక తీగకి కూడా ఒకటుందని మీలో ఎంతమందికి తెలుసు?

ఈ మొక్క విచిత్రం దాని ఆకులో ఉంది. ఆకు మామూలుగానే మొదలవుతుంది. దాని కొస సన్నని తీగలా సాగుతుంది. ఆ తీగ చివర ఉబ్బి, పైకి వంగి, జానెడు పొడవు వరకూ పెరిగే కూజాగా మారుతుంది. కూజాకి ఒక మూత. మూత కిందా, కూజా అంచు మీదా తేనె ఊరుతుంది. ఆ తేనె కోసం చీమలు, ఈగలు వస్తాయి. అంచు తడిగా ఉన్నప్పుడు అక్కడ కాలు నిలవదు. జారితే లోపలి గోడ మైనం పూసినట్టు నున్నగా ఉంటుంది, పైకి ఎక్కడానికి పట్టు దొరకదు. అడుగున ఉన్న ద్రవంలో, మన కడుపులో మాంసకృత్తులను అరిగించే పెప్సిన్ వంటి ఎంజైములు ఉంటాయి. పడ్డ పురుగు కొన్నాళ్ళకి కరిగిపోతుంది. దాని సారాన్ని కూజా గోడలు పీల్చుకుంటాయి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఈ మొక్క పురుగుల్ని తిని బతుకుతుందని అనుకుంటారు. అన్నం మాత్రం అది అన్ని పచ్చని మొక్కల లాగే ఎండలోనే వండుకుంటుంది. దానికి కరువైనది పప్పు. అంటే నత్రజని, భాస్వరం. ఎందుకు కరువు? మేఘాలయ దక్షిణపు వాలుల్లో కురిసే వాన మామూలు వాన కాదు. అక్కడి మౌసిన్‌రామ్‌లో ఏడాదికి సగటున 11,800 మిల్లీమీటర్లకి పైగా కురుస్తుంది. హైదరాబాదులో కురిసేది 800 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. అంత వాన ఏటేటా కొండ మీద పడితే మట్టిలోని సారం కొట్టుకుపోతుంది. మిగిలేది పులుపెక్కిన పేద నేల. అలాంటి నేలలో నిలబడడానికి ఈ మొక్క వేళ్ళతో చేయలేని పనిని ఆకులకి అప్పజెప్పింది. పెంచేవాళ్ళకి తెలిసిన సంగతి ఒకటుంది: బలమైన ఎరువు వేస్తే ఇది కూజాలు వేయడం తగ్గించేస్తుంది. పేద నేల దానికి కష్టమే, కాని ఆ కష్టం లేకపోతే కూజా కూడా లేదు.

కొంతకాలం కిందట నేను పనిచేసిన ఒక బడిలో ఏడో తరగతికి అరేంజ్‌మెంట్ పీరియడు వచ్చింది. నేను చెప్పేది తెలుగైనా, ఆ రోజు పిల్లలు సైన్సు పుస్తకం తెరిచి పెట్టుకున్నారు. మొక్కల పోషణ పాఠంలో కూజా మొక్క గురించి ఒక పిల్లవాడు పైకి చదివాడు. పురుగు లోపల పడగానే మూత మూసుకుంటుందని అందులో ఉంది. అప్పుడు వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, “మూత మూసుకోదు మేడమ్. నేను చూశాను,” అంది. క్లాసంతా నవ్వింది. పుస్తకంలో రాసి ఉన్నదాన్ని కాదంటే నవ్వరా మరి! ఆ అమ్మాయి కూర్చోలేదు. వాళ్ళ నాన్నగారు సరిహద్దు దళంలో పనిచేస్తారు, అంతకు ముందు బాఘ్‌మారాలో ఉన్నారు. పక్కింటి గారో అవ్వ ఈ మొక్క దగ్గరికి తీసుకెళ్ళి చూపించిందట. మూత గొడుగులా పైకే నిలబడి ఉంటుందనీ, చీమలు లోపలికి జారుతున్నా కదలదనీ ఆ అమ్మాయి చెప్పింది. దాని పేరు కూడా చెప్పింది: మేమాంగ్ కోక్సీ.

ఆ అమ్మాయి చెప్పిందే నిజం. కూజా ముదిరి ఒకసారి మూత విచ్చుకున్నాక అది మళ్ళీ మూసుకోదు. వాననీళ్ళు పడి లోపలి ద్రవం పలచబడకుండా గొడుగు పట్టడం, తేనెతో పురుగుల్ని పిలవడం దాని పనులు. మూసుకునే ఆకులున్నది వీనస్ ఫ్లైట్రాప్ అనే వేరే మొక్కకి. ఈ రెంటినీ కలిపేసిన పుస్తకాలు చాలా ఉన్నాయి. పుస్తకాలని తక్కువ చేయడానికి నేనిది చెప్పడం లేదు. దేశం నాలుగు మూలల నుంచీ వచ్చిన పిల్లలు కూర్చునే తరగతి గదిలో పుస్తకంలో లేని సాక్షి ఒకరు ఎప్పుడూ ఉంటారు. ఆ సాక్షిని లేచి నిలబడనివ్వాలి, చెప్పేది విననివ్వాలి. ఆ రోజు ఆ అమ్మాయి దగ్గర కూజా మొక్క లేదు. దాని ఎండిన ఆకు కూడా లేదు. అయినా ఆ గదిలో మేఘాలయని చూపించగలిగినది ఆమె ఒక్కతే.

భాష చెప్పే టీచరుని కాబట్టి పేర్ల దగ్గర కాసేపు ఆగుతాను. గారో భాషలో మేమాంగ్ కోక్సీ అంటే దయ్యపు బుట్ట. ఖాసీలో తీవ్ రకోత్ అంటారు, తినేసే రాక్షసి పువ్వు అని అర్థం. జైంతియా వాళ్ళ పేరుకి మూత ఉన్న ఈగల వల అని అర్థం చెబుతారు. ఒకే మొక్కని మూడు కొండలవాళ్ళు చూశారు. ఒకరికి దాని ఆకారం కనబడింది, ఒకరికి దాని ఆకలి కనబడింది, ఇంకొకరికి అది పనిచేసే తీరు కనబడింది. మనం కూజా అంటున్నాం. వేసవిలో మంచినీళ్ళు చల్లబరిచే మట్టి కూజా మన కళ్ళ ముందు ఉంది కాబట్టి అలా అన్నాం. నెపెంథిస్ అనే పేరు పెట్టింది స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్, 1737లో. గ్రీకు కవి హోమర్ చెప్పిన, దుఃఖాన్ని మరపించే మందు పేరది. ఎంతో దూరం నడిచి వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు ఈ మొక్కని చూస్తే పడ్డ కష్టమంతా మరిచిపోతాడని ఆయన ఉద్దేశం.

దయ్యం, రాక్షసి అనే మాటలు విని అక్కడివాళ్ళు దీన్ని చూసి భయపడతారని అనుకోకండి. ఇంకా మూత విచ్చుకోని కూజాలోని ద్రవాన్ని కంటి జబ్బులకి వాడే సంప్రదాయం ఖాసీ, గారో పల్లెల్లో ఉంది. మనం దాన్ని అనుకరించనక్కర్లేదు, కళ్ళ విషయంలో డాక్టరు మాటే వినాలి. కాని రాక్షసి అని పిలిచిన మొక్కనే మందుగా వాడుకున్నవాళ్ళకి దానితో ఎంత దగ్గరి పరిచయం ఉండాలో ఆలోచించండి. టీవీల్లో, బొమ్మల పుస్తకాల్లో వచ్చే మనుషుల్ని మింగే మొక్కల కథలకీ ఈ పేర్లకీ అదే తేడా. ఒకటి చూడనివాళ్ళు కల్పించింది, రెండోది రోజూ చూసేవాళ్ళు పెట్టుకున్నది. కూజా మొక్క అనగానే వెక్కిరింపుగా ‘రాక్షస మొక్క’ అనే బదులు, మేమాంగ్ కోక్సీ అని ఒకసారి సరిగ్గా పలికి చూడండి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ మొక్కని చూసినవాళ్ళకి తీసుకెళ్ళాలనిపించడం కొత్త కాదు. ఈ జాతికి 1873లో శాస్త్రీయంగా పేరు పెట్టి వర్ణించింది బ్రిటిష్ వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్. ఆయన 1850లో ఖాసీ కొండల్లో తిరిగాడు. ఆ కొండల్లో పూసే నీలిరంగు వాండా ఆర్కిడ్‌ని చూసి ముచ్చటపడి, లండన్‌లోని క్యూ తోటకి పంపడానికి ఏడుగురు కూలీలు మోసేటంత సేకరించాడు. వాటిలో ఇంగ్లండుకి ప్రాణాలతో చేరినవి కొన్నే. ఈ సంగతి ఆయనే తన యాత్రాగ్రంథంలో రాసుకున్నాడు. హుకర్ చెడ్డవాడు కాడు. మొక్కలంటే ఆయనకి ప్రాణం. మాంసాహార మొక్కల గురించి 1874లో ఆయన చేసిన ప్రసంగం ఆ రోజుల్లో పేరు పొందింది. సరిగ్గా అందుకే ఈ ఉదాహరణ మనకి పనికొస్తుంది. ప్రేమ ఉన్నంత మాత్రాన మొక్క బతకదు.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో జంతువులు, పక్షుల గురించే ఎక్కువగా మాట్లాడింది. 1991 సవరణతో అందులో ఆరు మొక్కల జాబితా చేరింది. ఆ ఆరింటిలో ఒకటి ఈ కూజా మొక్క. హుకర్ ఏడు మోతలు ఎత్తించిన నీలి వాండా ఇంకొకటి. మూడోది మన తెలుగువాళ్ళది: తిరుమల, శేషాచలం కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని బెడ్డోమ్ సైకస్. చూడటానికి పొట్టి ఈత చెట్టులా ఉంటుంది. ఏటా లక్షల మంది ఆ కొండ ఎక్కుతారు, దిగుతారు. దాని పక్క నుంచే వెళ్ళినా దాన్ని గుర్తుపట్టేవాళ్ళు ఎంతమంది ఉంటారు? 2022 సవరణలో ఈ చట్టం షెడ్యూళ్ళు మారాయి, మొక్కల జాబితా పెరిగింది. కూజా మొక్కకి రక్షణ కొనసాగుతూనే ఉంది. అడవిలోని ఈ మొక్కని అనుమతి లేకుండా పెకలించడం, అమ్మడం, కొనడం నేరం. దేశాల మధ్య వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో అన్నిటికన్నా కఠినమైన మొదటి అనుబంధంలో నెపెంథిస్ జాతులు రెండే ఉన్నాయి. ఒకటి బోర్నియోలో పెరిగే పెద్ద కూజాల నెపెంథిస్ రాజా, రెండోది మన ఖాసియానా.

చట్టం భయం ఒక్కటే కారణమైతే నేనీ వ్యాసం రాయనక్కర్లేదు. మొక్క స్వభావం తెలిస్తే అది ఎందుకు బదిలీ కాదో అర్థమవుతుంది. ఇందులో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. విత్తనం కట్టాలంటే రెండూ దగ్గరలో ఉండాలి, ఒకే సమయంలో పూయాలి. పుప్పొడి మోసే పురుగులు ఉండాలి. దారిన పోయేవాళ్ళు ముద్దుగా ఉందని ఒక్క మొక్కని పీకితే, మిగిలినదానికి జత లేకుండా పోవచ్చు. అప్పుడు పోయింది ఒక మొక్క కాదు, ఆ వాలు మీద రేపు మొలవవలసిన మొక్కలన్నీ. దానికి తోడు కూజాలోని ద్రవం ఒక చిన్న చెరువు. అందులో పెరిగే దోమ పిల్లల వంటి జీవులకి అదే ఇల్లు. ఆ చెరువుని, ఆ పొగమంచుని, ఆ పేద మట్టిని, ఆ చీమల్ని కలిపి ఏ లారీలో సర్దుతాం? ఒకవేళ తెచ్చి మన మైదానాల వేడిగాలిలో పెడితే ముందు కూజాలు ఎండిపోతాయి. ఆ తర్వాత అది పేరుకే కూజా మొక్క.

ఇక్కడ మీలో తెలివైనవాళ్ళు ఒక ప్రశ్న వేయాలి: మరి బొటానికల్ గార్డెన్లలో ఇది బతకడం లేదా? బతుకుతోంది. షిల్లాంగ్ దగ్గర బారాపానిలో బొటానికల్ సర్వే వాళ్ళ తోటలో దీన్ని పెంచుతున్నారు. షిల్లాంగ్‌లోని ఈశాన్య పర్వత విశ్వవిద్యాలయంలో టిష్యూ కల్చర్ పద్ధతిలో పిలకలు తయారు చేశారు. కేరళలోని పాలోడులో ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ ట్రాపికల్ బొటానిక్ గార్డెన్ శాస్త్రజ్ఞులు 2013లో ఒక అందమైన విషయం బయటపెట్టారు. అతినీలలోహిత కాంతి పడినప్పుడు ఈ కూజా అంచు నీలంగా వెలుగుతుంది. మన కంటికి మామూలుగా తెలియని ఆ వెలుగు పురుగుల్ని రప్పిస్తోందని వాళ్ళు చూపించారు. ఆ వెలుగు రాకుండా అంచుకి పూత పూస్తే, చిక్కే పురుగులు బాగా తగ్గిపోయాయి. మొక్క కేరళకి వెళ్ళకపోతే ఇంత తెలిసేదా అని అడగవచ్చు.

అడగవలసిన ప్రశ్నే. నా జవాబు ఇది. శాస్త్రజ్ఞులు అనుమతితో, లెక్కతో, మళ్ళీ పెంచగల నేర్పుతో తీసుకెళ్తారు. వాళ్ళ తోట బ్యాంకు లాకరు లాంటిది. ఇల్లు కాలినా నగ మిగలాలని లాకరులో పెడతాం, అంతమాత్రాన ఇల్లు కాలినా పర్వాలేదని ఎవరూ అనరు. కొండ మీద మొక్క ఉన్నంత వరకే తోటలోని మొక్కకి అర్థం. నర్సరీల్లో అమ్మే కూజా మొక్కల సంగతి వేరు. అవి చాలావరకు ఇతర దేశాల జాతుల్ని కలిపి సృష్టించిన సంకరాలు. పెంచుకోవాలని సరదా ఉంటే, పెద్దవాళ్ళని అడిగి, అడవిలోంచి తెచ్చినది కాదని రూఢి చేసుకుని అలాంటిది పెంచుకోండి.

ఈ మొక్కకి ఉన్న ముప్పంతా పర్యాటకుల చేతుల్లోనే ఉందని కూడా నేను అనను. అంతర్జాతీయ ఎర్ర జాబితాలో ఇది అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. బొగ్గు, సున్నపురాయి తవ్వకాలు కొండల్ని తొలిచాయి. మేఘాలయలో ఎలుక బొరియల్లాంటి బొగ్గు గనుల్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014లో నిషేధించింది, కాని తవ్విన కొండ తిరిగి రాదు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో పోడు అన్నట్టే అక్కడ ఝూమ్ అంటారు. వెనకటికి ఒకసారి నరికి కాల్చి పంట వేసిన చోటుకి మళ్ళీ చాలా ఏళ్ళ తర్వాతే తిరిగి వచ్చేవారు. ఇప్పుడు ఆ వ్యవధి తగ్గిపోతోంది, అడవికి తేరుకునే సమయం దొరకడం లేదు. రోడ్లు వెడల్పవుతున్నాయి. ఆ రోడ్లు వేసేవాళ్ళలో, సరిహద్దు కాసేవాళ్ళలో, బ్యాంకులు నడిపేవాళ్ళలో మన ఇళ్ళవాళ్ళూ ఉన్నారు. ఆ పనులు దేశానికి కావాలి. రోడ్డు కావాలనుకునేవాళ్ళే ఆ రోడ్డు ఏ మొక్క మీదుగా వెళ్తోందో తెలుసుకుని ఉండటం ఇంకా మంచిది కదా!

బదిలీ కుటుంబాల్లో తరచూ వినబడే మాట ఒకటుంది: “మూడేళ్ళు ఉండి పోయేవాళ్ళం, మనకెందుకు?” ఊరి భాష నేర్చుకోమంటే ఇదే మాట. ఊరి చెరువు గురించి అడిగితే ఇదే మాట. ఈ మాటతో నాకు పేచీ ఉంది. మూడేళ్ళు అంటే తక్కువ కాలం కాదు. ఏడో తరగతి పిల్లవాడికి అది అప్పటి వరకు గడిపిన జీవితంలో నాలుగో వంతు. మూడేళ్ళేనని ప్రతి ఊళ్ళోనూ కళ్ళు మూసుకుంటే, చదువు ముగిసేనాటికి మనం ఎక్కడా లేనట్టే లెక్క. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఏ ఊరూ మనది కాదనుకున్నవాడికి ఏ ఊరికి జరిగే నష్టమూ తనది అనిపించదు. దేశంలో ఎక్కువ ఊళ్ళు చూసిన పిల్లలు మీరు. ఆ ఊళ్ళ గురించి పట్టింపు లేకుండా పెరిగితే, పట్టించుకునే అవకాశం ఎక్కువగా ఉన్నవాళ్ళే దాన్ని వదులుకున్నట్టు.

మరి ఏం చేయాలి? మీ ఇంట్లో జరిగే ఒక పద్ధతినే చూపిస్తాను. బదిలీ అయినప్పుడు అమ్మానాన్నలు ఒక్కసారిగా సీటు వదిలి రారు. తమ స్థానంలోకి వచ్చినవాళ్ళకి చార్జి అప్పగిస్తారు. ఏ ఫైలు ఎక్కడుంది, ఏ పని సగంలో ఉంది, దేని విషయంలో జాగ్రత్తగా ఉండాలి అని రాసి, సంతకం పెట్టి ఇస్తారు. ఆ తర్వాతే రిలీవ్ అవుతారు. పిల్లలం మాత్రం టి.సి. తీసుకుని, స్నేహితుల దగ్గర ఆటోగ్రాఫులు పట్టుకుని వచ్చేస్తాం. ఆ ఊరి గురించి మనకి తెలిసినదంతా మనతోనే వచ్చేస్తుంది. కొత్తగా చేరే పిల్లలు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతారు. మూడేళ్ళకి వాళ్ళూ వెళ్ళిపోతారు.

ప్రతి బడి గ్రంథాలయంలో ఒక చార్జి పుస్తకం ఉండాలని నా సూచన. దానికి ఖర్చు లేదు, అనుమతుల బెడదా లేదు. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు. బడి విడిచి వెళ్ళే ప్రతి విద్యార్థీ అందులో ఒక పేజీ రాయాలి. ఆ ఊళ్ళోనే దొరికే ఒక మొక్కో, పక్షో, చేపో ఎంచుకోవాలి. ఊరివాళ్ళు దాన్ని ఏమని పిలుస్తారు, ఆ పేరుకి అర్థం ఏమిటి, ఎక్కడ చూశారు, ఏ నెలలో చూశారు, ఊరివాళ్ళు దాన్ని దేనికి వాడతారు, దాని విషయంలో చేయకూడనిది ఏమిటి అన్నవి రాయాలి. పేరుని మీ మాతృభాష లిపిలో కూడా రాయండి. తెలుగులో రాస్తే ‘మేమాంగ్’ దీర్ఘంతో సహా పలికినట్టే ఉంటుంది. పేరు చెప్పినవాళ్ళు తోటమాలి అయినా, క్యాంటీన్ నడిపే పిన్నిగారైనా, పక్కింటి అవ్వ అయినా, “ఫలానావారు చెప్పారు” అని తప్పకుండా పేర్కొనండి. వాళ్ళు మనకి పాఠం చెప్పినవాళ్ళు.

కూజా మొక్కలాంటి వింత అన్ని ఊళ్ళలోనూ దొరకదని అనుకోవద్దు. రాజస్థాన్‌లో ఉన్నవాళ్ళు ఖేజ్రీ చెట్టు గురించి రాయవచ్చు. దసరాకి మన ఊళ్ళలో పూజించే జమ్మి చెట్టే అది. అక్కడ దాని కాయలతో కూర వండుకుంటారు. ఆ సంగతి తెలిసిన తెలుగు పిల్లకి ఎడారి పరాయి దేశంలా అనిపించదు. తిరుపతిలో ఉన్నవాళ్ళు సైకస్ గురించి రాయవచ్చు. షిల్లాంగ్, తురా బడుల పిల్లలకైతే కూజా మొక్క ఉండనే ఉంది. జైంతియా కొండల్లో జరైన్ దగ్గర ఆ మొక్కల పేరుతోనే ఒక చెరువు ఉంది. సెలవురోజున పెద్దవాళ్ళతో వెళ్ళి చూడండి. వంగి కూజా లోపలికి చూడండి. ఫొటో తీసుకోండి, బొమ్మ గీసుకోండి. వేలు పెట్టి కెలకకండి, కాయితపు ముక్కలు వేయకండి, తుంచకండి. రోడ్డు పక్కన ఎవరైనా ఆ మొక్కని అమ్ముతుంటే జాలిపడి కొనకండి. మీరు ఒకటి కొంటే రేపు రెండు పెకలిస్తారు.

మార్చి నెల దగ్గర పడితే మన ఇళ్ళలో బదిలీల మాటలు మొదలవుతాయి. ఎవరు వెళ్తారో, ఎవరు ఉంటారో ఇంకా తెలియదు. పేజీ రాయడానికి ఆర్డరు వచ్చేదాకా ఆగనక్కర్లేదు, ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. రాయడానికి ఏమీ తోచకపోతే, మీరున్న ఊళ్ళో ఒక పెద్దవారిని ఈ వారమే అడగండి: “మీ ఊళ్ళో తప్ప ఎక్కడా పెరగనిది ఏముంది? దాన్ని మీరు ఏమంటారు?” జవాబు విని, పేరు సరిగ్గా రాసుకుని, మీ తర్వాత ఆ బెంచీలో కూర్చునేవాళ్ళకి అప్పగించండి. చార్జి ఇచ్చాకే రిలీవ్ అవ్వాలన్న నియమం పెద్దవాళ్ళకే కాదు, మనకీ వర్తించాలి.